వాద్యం కూడా సాక్షే

 ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం మన కచేరీ వేదికలకు కాస్త దూరంలో ఉంది. ఐరోపాలో వియన్నా, ఆమ్‌స్టర్‌డామ్, లండన్, పారిస్ లాంటి నగరాల్లో ముగ్గురో నలుగురో ఐదుగురో వాద్యకారులు చిన్న బృందాలుగా ఏర్పడి హైడన్, మొజార్ట్, బేతోవెన్, షూబర్ట్, బ్రామ్స్ రచనలను ఆయా కాలాల వాద్యాల మీద వాయిస్తున్నారు. గొర్రె పేగుతో పేనిన తీగలు కట్టిన వయొలిన్లు, నేలకు ఆనించే మేకు లేకుండా రెండు పిక్కల మధ్య ఇరికించి పట్టుకునే చెల్లో, ఇనుప చట్రం లేని పియానో, మీటలు లేని ఇత్తడి కొమ్ము వాడతారు. అసలు వాద్యం దొరక్కపోతే మ్యూజియంలో ఉన్నదాన్ని కొలిచి చేసిన నకలు వాయిస్తారు. ఇంతకన్నా బిగ్గరగా, నిలకడగా పలికే వాద్యాలు బజారులో దొరుకుతుండగా ఈ అవస్థ దేనికి అని ఎవరైనా అడుగుతారు. స్వరకర్త విన్నట్టే మనమూ వినడానికి అని ఈ ఉద్యమపు తొలి తరం చెప్పింది. ఆ జవాబు నిలవదని నా అభిప్రాయం. అది వీగిపోయినంత మాత్రాన ఆ పని వ్యర్థమైపోదు. నా వాదం ఇది: ఆ సంగీతంలో మనకు మిగిలిన స్వరలిపి సగం పత్రమే, మిగతా సగం వాద్యంలో ఉంది. కాగితం మీద అనవసరంగానో, పొరపాటుగానో, అసాధ్యంగానో కనిపించే చోట్లు ఆ కాలపు వాద్యం చేతికి రాగానే సవ్యంగా పలికితే, ఆ వాద్యం సాక్ష్యం చెప్పినట్టే లెక్క. అందచందాల మాట, పాతదాని మీద మోజు మాట ఆ తర్వాతివి.

ఈ ప్రయత్నం నిన్నమొన్నటిది కాదు. ఫ్రాన్స్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఆర్నల్డ్ డోల్మెచ్ పాత వాద్యాలను బాగుచేస్తూ, కొత్తవి తయారుచేస్తూ, 17, 18 శతాబ్దాల సంగీతాన్ని ఎలా వాయించేవారో 1915లోనే పుస్తకం రాశాడు. పోలండ్‌కు చెందిన వాండా లాండోవ్‌స్కా పియానోకు ముందరి వాద్యమైన హార్ప్సికార్డ్‌ను మళ్లీ కచేరీ వేదిక ఎక్కించింది. అయితే 1912లో ప్లెయెల్ కంపెనీ ఆమె కోసం తయారుచేసిన వాద్యంలో ఇనుప చట్రం ఉంది. బాహ్ కాలపు హార్ప్సికార్డ్‌లలో అలాంటిది లేదు. పేరు పాతదే గాని ఒళ్లు పియానోది. ఈ తేడా ఎంత పెద్దదో లోకానికి అర్థం కావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. వియన్నాలో నికొలస్ హార్నొన్‌కోర్ట్, ఆయన భార్య ఆలిస్ కలిసి 1953లో కాన్సెంటస్ మ్యూజికస్ బృందం మొదలుపెట్టారు. బతుకుతెరువుకు ఆయన వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించేవాడు. ఆ బృందం దాదాపు నాలుగేళ్లు లోలోపల సాధన చేసుకుని 1957లో గాని తొలి బహిరంగ కచేరీ ఇవ్వలేదు. నేర్పే గురువు బతికిలేడు. పాత గ్రంథాలు, పాత వాద్యాలు, స్వరలిపి, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోవలసిందే. ఆ బృందంలో కలుసుకున్న ముగ్గురు ఆస్ట్రియన్లు ఎరిక్ హోబార్త్, ఆండ్రియా బిషోఫ్, అనితా మిటెరర్, వారితో పాటు ఫ్రెంచి చెల్లో విద్వాంసుడు క్రిస్టోఫ్ క్వాన్ 1987లో మొజాయిక్ క్వార్టెట్‌గా ఏర్పడ్డారు. వారి హైడన్ రికార్డింగులు ఈ రంగంలో గీటురాళ్లు. నా వాదాన్ని అక్కడి నుంచే మొదలుపెడతాను.

హైడన్ 1772లో, ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో ఉండగా, ఓపస్ 20 కింద ఆరు క్వార్టెట్లు రాశాడు. వాటిలో రెండోది, సి మేజర్‌లోనిది, విచిత్రంగా మొదలవుతుంది. మొదటి వయొలిన్ ఊరుకుంటుంది. పాట చెల్లో ఎత్తుకుంటుంది, అదీ తన పై తీగ మీద. చెల్లో చేయవలసిన మంద్రం పని వయోలా చేస్తుంది, రెండో వయొలిన్ వాటికి తోడు నడుస్తుంది. నేటి చెల్లోకు లోహపు తీగలు, నేలకు గుచ్చిన మేకు, పొడుగాటి బిగువైన కమాను ఉంటాయి. దాని మీద ఈ పాట ఎత్తుకుంటే అది ఏకవ్యక్తి కచేరీలా ముందుకొస్తుంది. కింద వయోలా మోస్తున్న ఆధారం లీలగా మిగులుతుంది. పేగు తీగల మీద అదే పాట కాస్త ముక్కుతో పాడినట్టు, కాస్త గరుకుగా, తేలిగ్గా వస్తుంది. నాలుగు గొంతుల్లో ఎవరు పైన ఎవరు కింద అన్న లెక్క తారుమారైందని శ్రోతకు అప్పుడు తెలుస్తుంది. హైడన్ చేసిన చమత్కారమే అది. ఇదే క్వార్టెట్ చివరి భాగం నాలుగు విషయాల ఫ్యూగ్. నాలుగు వాద్యాలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ అల్లుకునే ఆ భాగాన్ని మొదటి నుంచీ గొంతు తగ్గించి వాయించమని ఆయన సూచన రాశాడు. ఓపస్ 20లోనే ఐదోదైన ఎఫ్ మైనర్ క్వార్టెట్‌లోని ఫ్యూగ్‌కూ అదే సూచన. నేటి తీగల మీద నలుగురూ సగం గొంతుతో వాయిస్తే నాదం ముద్దగా కలిసిపోతుంది, అల్లిక మసకబారుతుంది. అందుకే చాలా బృందాలు ఆ సూచనను చూసీచూడనట్టు వదిలేసి కాస్త పెంచి వాయిస్తాయి. మొజాయిక్ బృందం సూచనను అక్షరాలా పాటించింది. అంత మెల్లగా వాయించినా నాలుగు దారాలూ విడివిడిగా వినిపిస్తాయి.

ఇందులో మాయేమీ లేదు, కారణం తీగలోనూ కమానులోనూ ఉంది. పేగు తీగ మీద కమాను పడగానే ముందు చిన్న ఒరిపిడి శబ్దం, ఆ వెంటనే నాదం వస్తాయి. హల్లు పలికి అచ్చు పలికినట్టు ఉంటుంది. ఉక్కు తీగలోనూ నేటి కృత్రిమ తీగలోనూ ఆ హల్లు బాగా నునుపుదేరి, అచ్చు పొడుగ్గా సాగుతుంది. మెల్లగా మాట్లాడేటప్పుడు మాట తెలియాలంటే హల్లే ముఖ్యం. ఇక కమాను. ప్యారిస్‌లో ఫ్రాన్సువా తూర్త్ 1780ల్లో ఖాయం చేసిన రూపమే నేటికీ వాడుకలో ఉంది: బ్రెజిల్ నుంచి వచ్చే పెర్నంబుకో చెక్క, లోపలికి వంగిన కర్ర, బరువైన కొన. అంతకు ముందరి కమానుల కొన తేలిక. కిందికి లాగినప్పుడు చేతి దగ్గర బలంగా మొదలైన స్వరం కొనకు చేరేసరికి దానంతటదే తగ్గుతుంది. మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ 1756లో అచ్చువేసిన వయొలిన్ శిక్షణ గ్రంథంలో ప్రతి స్వరం ఒక చిన్న మెత్తదనంతో మొదలై అలాగే ముగియాలని చెబుతాడు. ఏ స్వరం కిందికి లాగాలో ఏది పైకి తోయాలో అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తాడు. నేటి కమానుతో చదివితే ఇదంతా చాదస్తంగా తోస్తుంది. పాత కమానుతో చదివితే అది వాద్యపు స్వభావాన్ని వర్ణించడమే. స్వరలిపిలో రెండేసి స్వరాలను కలిపే చిన్న చాపగీతలు ఎందుకు అన్ని ఉన్నాయో కూడా అక్కడే తేలుతుంది. మొదటిదాన్ని నొక్కి రెండోదాన్ని వదిలేయడం ఆ కమానుకు అప్రయత్నంగా వస్తుంది కాబట్టి, స్వరకర్త ఆ ఊనికను వేరే గుర్తుతో రాయలేదు.

హైడన్ పియానో త్రయాల సంగతి దీనికన్నా గట్టి సాక్ష్యం. పియానో, వయొలిన్, చెల్లో కోసం ఆయన రాసినవి దాదాపు 45 ఉన్నాయి, కొన్ని ఆయన అత్యుత్తమ రచనల్లో చేరతాయి. కానీ వాటిలో చెల్లోకు సొంత మాట తక్కువ. చాలాచోట్ల పియానో ఎడమచేతి స్వరాలనే తిరిగి పలుకుతుంది. నేటి కచేరీ పియానో పక్కన చెల్లో విద్వాంసుడికి ఇది అవమానంలా ఉంటుంది. సుమారు 480 కిలోల బరువున్న స్టైన్‌వే పియానోలో ఇనుప చట్రం మీద తీగల మొత్తం బిగువు 20 టన్నుల దాకా ఉంటుంది. దాని మంద్రం హాలంతా నిండుతుంది, చెల్లో ఉన్నా లేనట్టే. ఈ త్రయాలు అచ్చులో రావడమే వయొలిన్, చెల్లో తోడుగా గల పియానో సొనాటాలు అన్న పేరుతో వచ్చాయి. దాంతో అవి ఇంట్లో వాయించుకునే తేలిక రచనలని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆనాటి పియానో చట్రం పూర్తిగా చెక్కది, తీగలు సన్నవి, సుత్తుల మీద పలచని తోలు. మంద్ర స్వరం స్పష్టంగా మొదలై త్వరగా ఆరిపోతుంది. దాని వెనకే చెల్లో అదే స్వరాన్ని పట్టుకుని నిలబెడితే, మొదలు పియానోది, సాగు చెల్లోది అయిన మూడో నాదం పుడుతుంది. ఈ విషయాన్ని స్పష్టంగా వివరించిన చార్లెస్ రోజెన్ స్వయంగా నేటి పియానో వాయించినవాడు, పాత వాద్యాల ఉద్యమం మీద అనుమానాలున్నవాడు. ఆయన 1971లో రాసిన 'ది క్లాసికల్ స్టైల్' ఈ త్రయాలకు పోయిన గౌరవాన్ని తిరిగి తెచ్చిన పుస్తకాల్లో ఒకటి. పక్షపాతం లేని సాక్షి అంటే అలాంటివాడే. చెల్లోతో మంద్రాన్ని రెట్టించడం అంతకు ముందు తరం నుంచి వచ్చిన అలవాటే కదా, హైడన్ దాన్ని మానుకోలేకపోయాడేమో అని ఒక ప్రశ్న రావచ్చు. అలవాటే, కాదనను. కానీ ఎడమచేయి మోగుతుండగానే కొన్ని చోట్ల చెల్లోను ఆపేసి, మళ్లీ కావలసిన చోట కలిపిన మనిషి చేతిరాత అది. అలవాటు కొద్దీ రాసేవాడికి అంత ఎంపిక ఉండదు.

మొజార్ట్ క్లారినెట్ క్వింటెట్ కథలో వాద్యం పోతే స్వరలిపే ఎలా దెబ్బతింటుందో కనిపిస్తుంది. కె. 581గా లెక్కించే ఈ రచనను మొజార్ట్ 1789 సెప్టెంబర్ 29న ముగించాడు. ఆ ఏడాది డిసెంబర్ 22న వియన్నా బుర్గ్ థియేటర్‌లో మొదటిసారి వినిపించారు. దాన్ని ఆంటోన్ స్టాడ్లర్ అనే విద్వాంసుడి కోసం రాశాడు. స్టాడ్లర్ దగ్గర ఉన్నది మామూలు క్లారినెట్ కాదు. మంద్రంలో మరో నాలుగు అర్ధస్వరాలు కిందికి పోగల ప్రత్యేక వాద్యం. దాన్ని ఇవాళ బాసెట్ క్లారినెట్ అంటున్నారు. 1791లో అతని కోసమే రాసిన క్లారినెట్ కన్‌చెర్టోదీ ఇదే కథ. మొజార్ట్ పోయాక పదేళ్లకు ఇవి అచ్చయ్యేనాటికి అలాంటి వాద్యం ఇంకెవరి దగ్గరా లేదు. ప్రచురణకర్తలు కింది స్వరాలను మామూలు క్లారినెట్‌కు అందేలా ఒక స్థాయి పైకి జరిపేశారు. స్వహస్త ప్రతులు దొరకలేదు. తరతరాలుగా విద్యార్థులు ఆ సర్దుబాటు పాఠాన్నే మొజార్ట్ పాఠంగా నేర్చుకున్నారు. అందులో కొన్ని చోట్ల వరస మెట్లు దిగుతూ దిగుతూ హఠాత్తుగా పైకి గెంతుతుంది. గెంతిన చోట ఎవరికీ అర్థం తోచేది కాదు. మొజార్ట్ విలాసమని సరిపెట్టుకున్నారు. అసలు సంగతి 1802లోనే లైప్సిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు కన్‌చెర్టో అచ్చుప్రతి గురించి రాస్తూ చెప్పాడు. ఏ ఏ చోట్ల మార్చారో ఉదాహరణలతో సహా చూపాడు. 20వ శతాబ్దపు పండితులు ఆ సమీక్ష ఆధారంగా, మిగిలిన ఒక అసంపూర్ణ చిత్తుప్రతి ఆధారంగా పాఠాన్ని సరిదిద్దుకుంటూ వచ్చారు, వాద్యాన్ని ఊహించి తయారుచేయించారు. ఆ ఊహ వాద్యాలు పొడుగ్గా, నిటారుగా ఉండేవి. 1992లో పమేలా పౌలిన్ అనే పరిశోధకురాలు రీగా నగరంలో స్టాడ్లర్ 1794లో ఇచ్చిన కచేరీల కరపత్రాలు వెలికితీసింది. వాటి మీద అతని వాద్యం బొమ్మ చెక్కి ఉంది. కింది చివర పక్కకు తిరిగి గుండ్రటి బుర్రతో ముగుస్తుంది. అప్పటిదాకా చేసిన నమూనాల రూపం తప్పని తేలిపోయింది, ఎరిక్ హోప్రిచ్ లాంటివారు ఆ బొమ్మను బట్టి కొత్తవి చేసి వాయించారు. నేను ఈ ఉదాహరణ మీద ఇంతసేపు నిలబడడానికి కారణం ఉంది. ఇది అభిరుచుల తగాదా అయితే ఎవరి అభిరుచీ తప్పని తేలదు. ఇక్కడ ఒక ఊహ తప్పని తేలింది, దాన్ని సరిదిద్దుకున్నారు.

ఆనాటి స్వరకర్తలు ఉన్న వాద్యాలతో సరిపెట్టుకున్నారు గాని నేటివి దొరికితే ఎగిరి గంతేసేవారు అని తరచూ వినిపించే మాట. బేతోవెన్ తన పియానోల మీద చిరాకుపడ్డాడన్నదీ నిజమే. చిరాకుపడుతూనే చేతిలో ఉన్నదాని మీద ఏది పలుకుతుందో లెక్కగట్టి రాశాడు. లేనిదాని కోసం ఎవరూ రాయలేరు. అంతకన్నా సూటి జవాబు బ్రామ్స్ ఇచ్చాడు. మీటల కొమ్ముకు జర్మనీలో 1818లోనే పేటెంట్ వచ్చింది. దానితో అన్ని స్వరాలూ సమానంగా పలుకుతాయి. 1865లో బ్రామ్స్ తన హార్న్ త్రయం, ఓపస్ 40, రాసేనాటికి అది అర్ధశతాబ్దపు పాత సంగతి. అయినా ఆయన మీటలు లేని పాత కొమ్మే కావాలన్నాడు. మీటలు లేని కొమ్ములో సహజంగా కొన్ని స్వరాలే వస్తాయి. మిగతావి కొమ్ము వెడల్పాటి నోటి లోపల చేయి పెట్టి మూసి రప్పించాలి. అలా మూసి పలికించిన స్వరానికి రంగు మారుతుంది, గొంతు పూడుకుపోయినట్టు ఉంటుంది. ఆయన తల్లి చనిపోయిన ఏడాదిలో రాసిన ఈ రచనలో మూడో భాగం ఇ ఫ్లాట్ మైనర్‌లో నడిచే విషాద గీతం. ఆ శ్రుతిలో కొమ్ము మాటిమాటికీ మూసిన స్వరాలే పలకాలి. మీటలతో వాయిస్తే ఆ స్వరాలన్నీ తెరిచిన గొంతుతో, చక్కగా, ఒకే రంగులో వస్తాయి. స్వరలిపిలో ఏ తప్పూ దొర్లదు, రంగు మాత్రం పోతుంది. నాలుగు భాగాలనూ ఇ ఫ్లాట్ ఆధారంగానే నిలపడంలోనూ ఆ కొమ్ము పరిమితి కనిపిస్తుంది. నేటి కొమ్ము మీద ఈ త్రయాన్ని గొప్పగా వాయించినవారు లేరని కాదు. అడాల్ఫ్ బుష్, ఆబ్రీ బ్రెయిన్, రుడాల్ఫ్ సెర్కిన్ 1933లో చేసిన రికార్డింగు మీటల కొమ్ముతోనే, దాన్ని మించింది వెతకడం కష్టం. పాత వాద్యం లేనిదే కచేరీ చెల్లదని నేను అనడం లేదు. బ్రామ్స్ ఏమి అడిగాడో తెలుసుకోవాలంటే ఆ కొమ్ము వినక తప్పదంటున్నాను.

ఇంతకన్నా లోతైన ఆక్షేపణ సంగీత చరిత్రకారుడు రిచర్డ్ టరస్కిన్‌ది. ఆయన 1980లనుంచి రాసి 1995లో 'టెక్స్ట్ అండ్ యాక్ట్' పేరిట సంపుటం చేసిన వ్యాసాల్లో, ప్రామాణికత పేరిట జరుగుతున్నదంతా నిజానికి 20వ శతాబ్దపు అభిరుచే అన్నాడు. తొణకని లయ, చురుకైన వేగం, భావోద్వేగాన్ని అదుపులో పెట్టడం, ఇవి 18వ శతాబ్దం నుంచి రాలేదు, స్వరకర్త స్ట్రావిన్‌స్కీ కాలపు ఆధునికత నుంచి వచ్చాయన్నది ఆయన తీర్పు. దీన్ని చాలామంది ఉద్యమకారులు కోపంతో తిప్పికొట్టబోయారు. నాకు మాత్రం ఇందులో చాలాభాగం నిజమే అనిపిస్తుంది. స్వరకర్త విన్నట్టే మనమూ వినగలమన్న పాత జవాబు నిలవదని మొదట అన్నది ఇందుకే: 1772లో హైడన్ క్వార్టెట్ విన్న చెవికి ఆ తర్వాతి సంగీతం తెలియదు, మన చెవికి తెలుసు, తెలిసినదాన్ని చెరిపేసుకోలేం. అయితే టరస్కిన్ వాదం ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. వేగం, ఆవేశం వాద్యకారుడు ఎంచుకునేవి. అవి ఏ కాలపువన్న చర్చ సబబే. బాసెట్ క్లారినెట్ కింది స్వరం ఎవరి అభిరుచీ కాదు, ఆ వాద్యంలో ఉంది, మామూలు క్లారినెట్‌లో లేదు. చెక్క పియానో మంద్రం త్వరగా ఆరిపోతుందన్నది స్ట్రావిన్‌స్కీ చెప్పిన మాట కాదు. మరో సంగతీ ఉంది. వాద్యం ఎలా వాయించాలో ఆజ్ఞాపించదు. 1960ల నాటి బృందాల ఎండిన నాదానికీ మొజాయిక్ బృందపు సుకుమారానికీ మధ్య తీగలు మారలేదు, మనుషులు మారారు. వాద్యం చేసే పని దారుల్లో కొన్నింటిని మూసేయడం, అంతవరకే. ఆ మేరకు అది మన అభిరుచికి అడ్డుపడుతుంది, ఈ పద్ధతి విలువ సగం అందులోనే ఉంది.

ఈ ఉద్యమాన్ని నిజంగా ఇబ్బంది పెట్టే సాక్ష్యం వేరే ఉంది, దాని గురించి ఉద్యమకారులు ఎక్కువగా మాట్లాడరు. బేతోవెన్ 1825లో తన ఓపస్ 127 క్వార్టెట్ తొలి కచేరీ విఫలమయ్యాక యోసెఫ్ బోమ్ అనే వయొలిన్ విద్వాంసుడితో దగ్గరుండి సాధన చేయించాడు. ఆ బోమ్ శిష్యుడు యోసెఫ్ యోవాకిమ్, బ్రామ్స్ ఆప్తమిత్రుడు, తన కాలంలో క్వార్టెట్ వాదనకు పెద్దదిక్కు. ఆయన 1903లో, 72 ఏళ్ల వయసులో, ఐదు రికార్డులిచ్చాడు. అంటే బేతోవెన్ నుంచి రెండు తరాల గురుశిష్య పరంపర గ్రామఫోను ముందు కూర్చుంది. ఆ రికార్డుల్లో ఏముంది? వేలిని వణికిస్తూ స్వరాన్ని ఊపడం చాలా తక్కువ. ప్రతి స్వరాన్నీ నిరంతరం జ్వరం వచ్చినట్టు ఊపేవారిని లియోపోల్డ్ మొజార్ట్ ఎద్దేవా చేశాడని గుర్తుచేసుకుని, ఉద్యమకారులు ఈ సాక్ష్యాన్ని సంతోషంగా స్వీకరించారు. కానీ అదే రికార్డుల్లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు తీగ మీద పాకే జారు ధారాళంగా ఉంది. లయ సాగుతూ ముడుచుకుంటూ నడుస్తుంది. ఈ రెండింటినీ స్వీకరించినవారు బహు తక్కువ. మన కర్ణాటక విద్వాంసుడికి జారు తప్పుగా తోచదు; నేటి ఐరోపా శ్రోతకు అది పాతకాలపు సినిమా వాసన కొడుతుంది. సాక్ష్యంలో నచ్చింది తీసుకుని నచ్చనిది వదిలేయడం ఇది. టరస్కిన్ గెలిచేది ఇక్కడే. దీనికి నా జవాబు ఒకటే: తప్పు సాక్ష్యానిది కాదు, సాక్షిని సగం అడిగి పంపేసినవారిది. ఈ మధ్య కొందరు యువ వాద్యకారులు బ్రామ్స్ కాలపు రచనలను జారుతో సహా వాయించే సాహసం చేస్తున్నారు, వారి దారి సరైనదని నేను నమ్ముతాను.

పేగు తీగల నాదం పెద్ద హాలులో చివరి వరసలకు అందదన్న ఫిర్యాదును ఒక్క మాటలో ఒప్పుకుంటాను. అందదు. దాని కోసం ఆ వాద్యాన్ని తప్పుపట్టడం అన్యాయం. హైడన్ తన క్వార్టెట్లను ఎక్కువగా గదుల కోసం రాశాడు. 1793లో లండన్‌లో సాలమన్ అనే నిర్వాహకుడు నడిపే టికెట్టు కచేరీల కోసం ఓపస్ 71, 74 రాస్తూ పద్ధతి మార్చాడు. ఆ కచేరీలు జరిగే హానోవర్ స్క్వేర్ హాలులో శ్రోతలు మాట్లాడుకుంటూ ఉంటారు గనుక దాదాపు ప్రతిదాని మొదట్లో నలుగురూ కలిసి గట్టిగా పలికే పిలుపు ఒకటి పెట్టాడు. హాలు మారితే రచనే మారాలని ఆయనకు తెలుసు. రెండు వేల కుర్చీల హాలులో పేగు తీగల బృందాన్ని కూర్చోబెట్టే నిర్వాహకులకు ఆ మాత్రం తెలియాలి. ఇక శ్రుతి తగ్గించడం గురించి మన సభలో ఎక్కువ వాదించనక్కర్లేదు. ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు బిగించడం 1939 లండన్ సమావేశంలో కుదిరిన ఒప్పందం. ఫ్రాన్స్ 1859లో చట్టం చేసి పెట్టింది 435. పాత సంగీత బృందాలు బాహ్‌కు 415, మొజార్ట్‌కు సుమారు 430 పెట్టుకుంటాయి. పాడేవారి గొంతును బట్టి శ్రుతి పెట్టుకునే సంప్రదాయంలో పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

నకలు వాద్యాల మీద వాయిస్తూ పాత వాద్యాలని ఎలా అంటారు, స్ట్రాడివారి చేసిన అసలు వయొలిన్లు నేటి విద్వాంసుల చేతుల్లోనే ఉన్నాయి కదా అని అడిగేవారున్నారు. స్ట్రాడివారి 1737లో పోయాడు. ఆయన వయొలిన్లు 19వ శతాబ్దంలో దాదాపు అన్నీ ఆపరేషనుకు గురయ్యాయి. మెడ తీసేసి, వెనక్కి వంచి కొత్తది అతికించారు. వేళ్లాడించే పలకను పొడిగించారు. లోపలి మంద్రపు కమ్మిని తీసి బలమైనది పెట్టారు. పెద్ద హాళ్లలో పెద్ద నాదం కావలసి వచ్చింది, చేశారు. ఆ మరమ్మతు చేసినవారు అజ్ఞానులేమీ కారు, గొప్ప పనివారు. కానీ తీసిన మెడలు, కమ్ములు చాలావరకు పారేశారు. ఏది ఎంత పొడుగుండేదో, ఎంత కోణంలో ఉండేదో రాసిపెట్టినవారు తక్కువ. ఫ్లోరెన్స్‌లో ఉన్న 1690 నాటి మెడిచి టెనర్ వయోలా లాంటి ఒకటీ అరా మాత్రం చేయి పడకుండా మిగిలాయి. ఇవాళ్టి పనివారు ఆ కొద్దిపాటివాటిని కొలిచే నకళ్లు చేస్తున్నారు. కాబట్టి కోట్ల విలువ చేసే స్ట్రాడివారి కన్నా, ఒక మంచి పనివాడు నిన్న చేసిన నకలే 1700 నాటి నాదానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ.

మరమ్మతులో పాత భాగాలు, కొలతలు పోయిన ఈ సంగతి మనకు సూటిగా తగులుతుంది. వయొలిన్ మన సంగీతంలోకి వచ్చింది సరిగ్గా ఈ పేగు తీగల కాలంలోనే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా విద్వాంసుడి దగ్గర దాన్ని నేర్చుకున్న నాటికి తూర్త్ కమాను ప్యారిస్‌లో ఇంకా కొత్తదే. ఆ తొలి తరం మన గడ్డ మీద ఏ తీగలు కట్టిందో, కమాను ఎలా పట్టిందో చెప్పే వస్తువులు మన దగ్గర లెక్కకు దొరికేలా లేవు. వీణ విషయంలోనైనా ఆలస్యం చేయకూడదు. బొబ్బిలిలో ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణలు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. కాంటాక్ట్ మైకు పెట్టించడానికో, మైనం కరిగించి 24 మెట్లనూ తిరిగి అమర్చడానికో, గుర్రం మీది లోహపు రేకు మార్చడానికో వాటిని మరమ్మతుకు ఇస్తూ ఉంటారు. ఇవ్వవద్దని నేను అనను, వాద్యం ఉన్నది వాయించడానికే. ఇచ్చే ముందు మెట్ల మధ్య దూరాలు, తీగల మందం, మైనం ఎత్తు, గుర్రం కొలతలు ఒక కాగితం మీద రాయించండి. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఒక్కో తీగను విడిగా మీటి ఫోన్‌లో రికార్డు చేసి, ఆ కాగితంతో పాటు దగ్గరలోని సంగీత కళాశాలకో గ్రంథాలయానికో ఒక ప్రతి ఇవ్వండి. తీసేసిన భాగాలను పారేయనివ్వకండి.